పాత రైల్వే ఫొటోల పెట్టె చేతికొస్తే: సర్దడం కంటే ముందు చెయ్యాల్సిన పనులు

ఎవరో ఒకాయన ముప్పై నలభై ఏళ్లు రైళ్ల ఫొటోలు తీశారు, ఆ ప్రింట్లు, నెగెటివ్‌లు, స్లైడ్లు అన్నీ ఇప్పుడు మీ దగ్గరికొచ్చాయి అనుకుందాం. పెట్టె తెరవగానే చేతులు ఊరుకోవు, స్టీమ్ ఇంజిన్లు ఒక కుప్ప, డీజిల్ ఒక కుప్ప, స్టేషన్లు ఇంకో కుప్ప అని విడదీసెయ్యాలనిపిస్తుంది. దయచేసి ఆ ఒక్క పని చెయ్యకండి.

నేను చేశాను కాబట్టే చెప్తున్నా. ఒకసారి ఒక స్లైడ్ల డబ్బా వచ్చింది, రెండు ఆదివారాలు కూర్చుని ఇంజిన్ క్లాసుల వారీగా చక్కగా పేర్చేశాను. నెల తర్వాత అందులో ఒక స్లైడ్ తీసి చూస్తున్నా, వానకి తడిసిన యార్డు, ఇంజిన్ వెనక బొగ్గు, నీళ్లు ఉండే టెండర్ మీద నిలబడి బొగ్గు సర్దుతున్న మనిషి, వెనక నీళ్లు పట్టే వాటర్ కాలమ్, అద్భుతమైన ఫొటో, కానీ ఏ ఊరో తెలీదు. స్లైడ్ చుట్టూ ఉండే చట్రం, అదే మౌంట్, దాని మూల మీద 23 అని ఉంది. అంటే అదే రోల్‌లో 22నో 21నో చూస్తే స్టేషన్ బోర్డు దొరికే అవకాశం ఉంది, ఎందుకంటే ఆ స్లైడ్లు తీసినాయన ప్రతి ఊళ్లో దిగగానే ముందు బోర్డు ఫొటో తీసేవారు. కానీ 22 నంబర్ ఉన్న స్లైడ్లు నా దగ్గర పదకొండు తేలాయి, ఏది ఏ రోల్‌దో చెప్పే దారి లేదు, ఎందుకంటే రోల్స్ కలిపేసింది నేనే. ఆ యార్డు పేరు ఈ రోజుకీ ఖాళీగానే ఉంది.

అందుకని మొదటి పని, ఉన్నది ఉన్నట్టు ఫొటో తీసుకోండి. పెట్టె మూత, మూత మీద రాత, లోపల కవర్లు ఏ వరసలో ఉన్నాయి, ఏ కవర్ మీద ఏముంది, అంతా ఫోన్‌తో తీసి పెట్టుకోండి. ఆల్బమ్ అయితే ఒక్క ఫొటో కూడా పీకకముందే ప్రతి పేజీ తియ్యండి. ఆ వరస కూడా ఒక సమాచారమే. ఇంజిన్ క్లాస్ వారీగా వెతుక్కోవడం తర్వాత కంప్యూటర్‌లో ఎన్నిసార్లయినా చేసుకోవచ్చు, అసలు పెట్టెలో చెదిరిన వరస మాత్రం మళ్లీ రాదు.

రెండోది, ఆ ఫొటోలు తీసిన మనిషి ఉంటే, లేదా ఆయనతో తిరిగినవాళ్లు ఎవరైనా ఉంటే, స్కానర్ కొనకముందే వాళ్ల దగ్గరికి వెళ్లండి. ఫొటోకి తొందర లేదు, ఇంకో ఏడాది ఆగుతుంది. ఫోన్ రికార్డర్ ఆన్ చేసి టేబుల్ మీద పెట్టి ఒక్కో ఫొటో చేతికిచ్చి మాట్లాడించండి, ఫొటో మార్చిన ప్రతిసారీ దాని నంబర్ మీరే పైకి చెప్పండి, లేకపోతే తర్వాత రికార్డింగ్ వింటుంటే ఏ మాట ఏ ఫొటో గురించో అర్థం కాదు. "ఇది ఎక్కడండీ" అని అడిగితే ఒక్కోసారి గుర్తురాదు, "ఆ రోజు ఎవరెవరు వెళ్లారండీ, ఏ బండిలో వెళ్లారు" అని అడగండి, ఊరు దానంతటదే బయటికొస్తుంది.

ఇప్పుడు ముక్కుతో చేసే పని. పాత నెగెటివ్‌ల డబ్బా తెరిస్తే వెనిగర్ లాంటి పుల్లటి వాసన వస్తుందా? అయితే అది ఎసిటేట్ ఫిల్మ్ పాడవుతోందని అర్థం. ఆ విడుదలయ్యే ఆమ్లమే మిగతా ఫిల్మ్‌ని ఇంకా వేగంగా తినేస్తుంది, పక్కనున్న మంచి నెగెటివ్‌లకీ అంటుకుంటుంది, కాబట్టి వాసన వచ్చేవి వెంటనే వేరే పెట్టెలోకి మార్చి స్కానింగ్‌లో ముందు వాటినే పెట్టండి. వేరు చేసేటప్పుడు అవి ఏ కవర్లోంచి తీశారో అక్కడ ఒక చీటీ పెట్టడం మర్చిపోవద్దు.

ఇంకా పాతవాటిలో నైట్రేట్ ఫిల్మ్ ఉండొచ్చు, 1950ల మొదటి వరకూ అది వాడకంలో ఉండేది. అది నిజంగా ప్రమాదం, మండడానికి కావాల్సిన ఆక్సిజన్ దానిలోనే ఉంటుంది కాబట్టి అంటుకుంటే ఆర్పడం చాలా కష్టం. ఫిల్మ్ అంచు మీద సేఫ్టీ అని ఉంటే ఊపిరి పీల్చుకోండి, నైట్రేట్ అని ఉన్నా, పసుపు తిరిగి జిగటగా ఉన్నా ఇంట్లో పెట్టుకోకుండా ఆర్కైవ్‌లో పనిచేసేవాళ్లని అడగండి. అది నైట్రేటో కాదో తేల్చడానికి ముక్క కాల్చి చూడటం లాంటివి అస్సలు వద్దు.

దాచడం గురించి పెద్దగా కంగారు పడక్కర్లేదు, వేడి, తేమ ఈ రెండూ తగ్గితే సగం పని అయిపోయినట్టే. అటక మీదా నేలమాళిగలోనూ వద్దు, మనుషులు ఉండే గదిలో బయటి గోడకి ఆనకుండా ఉన్న బీరువా చాలు, తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉంటే మంచిది. మెత్తగా వంగే, ప్లాస్టిక్ వాసన కొట్టే పీవీసీ కవర్లు పక్కన పడేసి పాలిప్రొపిలీన్ లేదా పాలియెస్టర్ కవర్లు, లేదా ఆమ్లం లేని కాగితం కవర్లు వాడండి. రబ్బర్ బ్యాండ్లు, స్టేపుల్స్, పేపర్ క్లిప్పులు, సెల్లో టేపు ఏవీ వద్దు. గాజు ప్లేట్లు ఉంటే పడుకోబెట్టి ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు, ఒక్కోదాన్నీ కాగితంలో చుట్టి పొడవాటి అంచు మీద నిలబెట్టాలి, పెట్టె బరువెక్కుతుంది కాబట్టి చిన్న పెట్టెలు తీసుకోండి. ప్రింట్ వెనక రాయాలంటే మెత్తటి పెన్సిల్‌తో అంచు దగ్గర తేలిగ్గా రాయండి, బాల్‌పెన్ గీత ముందు వైపుకి పొడుచుకొస్తుంది. జిగురు పేజీల ఆల్బమ్‌లో ఫొటో అతుక్కుపోతే బలవంతంగా లాగొద్దు, సన్నటి డెంటల్ ఫ్లాస్ దారాన్ని కింద నుంచి మెల్లగా రంపంలా ఆడించండి, అప్పటికీ రాకపోతే పేజీతో సహా స్కాన్ చేసి వదిలెయ్యండి.

ఇక నంబర్. ప్రతి ఫొటోకీ ఒక్కటే నంబర్, అది ఎప్పటికీ మారదు, ఫైల్ పేరూ అదే, కవర్ మీదా అదే, ఎక్సెల్ షీట్‌లోనూ అదే. ఉదాహరణకి 02-014-23 అంటే రెండో పెట్టె, పద్నాలుగో రోల్, ఇరవై మూడో ఫ్రేమ్. ముందు సున్నాలు పెట్టండి, లేకపోతే కంప్యూటర్ చాలాచోట్ల 2 కంటే ముందు 10ని చూపిస్తుంది. చాలామంది ఫైల్ పేరులోనే ఇంజిన్ పేరు, ఊరు, తేదీ అన్నీ ఇరికిస్తారు, రేపు ఆ ఊరు తప్పని తేలితే పేరు మార్చాలి, మారిస్తే బ్యాకప్‌లో ఉన్న కాపీకీ దీనికీ పొత్తు కుదరదు. పేరులో నంబర్ మాత్రమే, మిగతా కథంతా షీట్‌లో.

స్కానింగ్ గురించి ఎంతైనా చెప్పొచ్చు కానీ కుదించి చెప్తా. ప్రింట్లకి 600 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలనే లెక్క), 35 ఎంఎం ఫిల్మ్‌కి 3000 నుంచి 4000, మాస్టర్ ఫైల్ అంటే అసలు స్కాన్ టిఫ్ ఫార్మాట్‌లో. ప్రింట్ వెనక వైపు కూడా స్కాన్ చెయ్యాలి, రాత ఉన్నా, స్టాంపు ఉన్నా, చివరికి ఫొటో పేపర్ కంపెనీ గుర్తు ఉన్నా సరే. ఫిల్మ్ అంచుల్ని క్రాప్ చెయ్యొద్దు, ఫ్రేమ్ నంబర్ అక్కడే ఉంటుంది. మాస్టర్‌ని ముట్టుకోకుండా, రంగులు సరిచెయ్యడం, గీతలు తుడవడం అన్నీ జేపెగ్ కాపీ మీద చేసుకోండి.

స్కానర్లో డస్ట్ తీసేసే ఇన్‌ఫ్రారెడ్ ఆప్షన్ ఉంటుంది కదా, మామూలు బ్లాక్ అండ్ వైట్ నెగెటివ్‌లకి అది ఆఫ్ చెయ్యండి. ఆ ఫిల్మ్‌లో బొమ్మ వెండితోనే ఉంటుంది, వెండి ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపేస్తుంది, దాంతో స్కానర్ బొమ్మనే దుమ్మనుకుని చెరిపేస్తుంది, సన్నటి స్పోకులూ రివెట్లూ అలుక్కుపోతాయి. కొడాక్రోమ్ అనే కొడాక్ రకం స్లైడ్లతో కూడా ఇది సరిగా పనిచెయ్యదు. ఇంకోటి, ఫిల్మ్ తిరగేసి పెట్టలేదని ఎలా తెలుస్తుందంటే ఇంజిన్ నంబర్ సరిగా చదవగలుగుతున్నామా చూడటమే, నంబర్ కనపడని ఫొటో అయితే అదే రోల్‌లో పక్క ఫ్రేమ్ చూసి నిర్ధారించుకోండి.

నాకు అన్నిటికంటే ఇష్టమైన పని తేదీ పట్టుకోవడం. రైల్వే ఫొటోల్లో ఉన్న అదృష్టం ఏంటంటే వాటిలో రాతలుంటాయి, నంబర్లుంటాయి. బ్రిటన్‌లో పేరున్న స్టీమ్ ఇంజిన్ ఫ్లయింగ్ స్కాట్స్‌మన్‌నే తీసుకోండి, 1923లో తయారైనప్పుడు 1472, తర్వాతి ఏడాది 4472, 1946లో ముందు 502, అదే ఏడాది 103, 1948 చివర్లో 60103. ఇంజిన్ ఒక్కటే, కానీ ముందున్న నంబర్ చూస్తే ఏ కాలం ఫొటోనో సుమారుగా తెలిసిపోతుంది. తర్వాతి కాలంలో దాన్ని పాత రంగుల్లో, పాత నంబర్‌తో మళ్లీ నడిపారు, కాబట్టి పక్కనున్న కార్లు, మనుషుల బట్టలు, ఫిల్మ్ రకం కూడా చూడాలి. నంబర్ మోసం చేసిన కథలు ఇంకా ఉన్నాయి, బ్రిటన్‌లో 6100 నంబర్ ఉన్న రాయల్ స్కాట్ అనే ఇంజిన్‌ని 1933లో అమెరికా పర్యటనకి పంపుతున్నామని చెప్పి నిజానికి 6152 ఇంజిన్‌కి ఆ పేరూ నంబరూ పెట్టి పంపారు, తిరిగొచ్చాక కూడా మళ్లీ మార్చలేదు. అందుకే ఫొటోలో కనిపించిన నంబర్ ఒక గడిలో, అది ఫలానా ఇంజిన్ అని మీరు తేల్చింది ఇంకో గడిలో రాయాలి.

మన రైళ్లయితే బోగీల మీద, అది ఏ రైల్వే జోన్‌దో చెప్పే అక్షరాలు బంగారం లాంటివి. దక్షిణ మధ్య రైల్వే 1966 అక్టోబర్ 2న ఏర్పడింది, కాబట్టి ఆ జోన్ అక్షరాలు కనిపించిన ఫొటో అంతకు ముందుది అయ్యే ఛాన్సే లేదు. మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే అక్షరాలు కనిపిస్తే ఆ కంపెనీ 1951లో దక్షిణ రైల్వేలో కలిసిపోయింది, అయితే విలీనమైన మర్నాడే ప్రతి బోగీకీ కొత్త పెయింట్ వెయ్యరు కదా, పాత అక్షరాలు కొన్నాళ్లు తిరుగుతూనే ఉంటాయి. అంటే కొత్త గుర్తు కనిపిస్తే "ఈ తేదీ తర్వాతే" అని గట్టిగా చెప్పొచ్చు, పాత గుర్తు కనిపిస్తే "ఈ తేదీ లోపలే" అని అంత గట్టిగా చెప్పలేం. పెరంబూరులో రైలు బోగీలు తయారు చేసే ఐసీఎఫ్ 1955 అక్టోబర్‌లో మొదలైంది, అక్కడ చేసిన కోచ్ కనిపిస్తే ఇంకో మేకు దిగినట్టే. ఇలా రెండు మూడు ఆధారాలు కలిపితే "1955 తర్వాత, పట్టాల పైన కరెంటు తీగలు పడకముందు" అని వస్తుంది, దాన్ని అలాగే రాయండి. 1958 అని ఒక ఏడాది పెట్టేస్తే చూడ్డానికి బాగుంటుంది కానీ తర్వాత వచ్చేవాళ్లు అదే నిజమనుకుంటారు. కొడాక్ స్లైడ్ మౌంట్ల మీద చాలాసార్లు నెల, ఏడాది అచ్చేసి ఉంటుంది, అది ల్యాబ్‌లో కడిగిన తేదీ, తీసిన తేదీ కాదు, రోల్ కెమెరాలో ఆరు నెలలు ఉండిపోయినా ఉండొచ్చు.

షీట్‌లో గడులు ఎన్నయినా పెట్టుకోండి కానీ ఒక్క నియమం తప్పకండి, వెనక ఉన్న రాత ఒక గడిలో అక్షరం పొల్లు పోకుండా, మీ ఊహ ఇంకో గడిలో, ఆ ఊహ దేని మీద ఆధారపడిందో మూడో గడిలో. వెనక తప్పు స్పెల్లింగ్ ఉన్నా అలాగే ఎక్కించండి. స్టేషన్ పేర్లు మారుతుంటాయి, బొంబాయి విక్టోరియా టెర్మినస్ 1996లో ఛత్రపతి శివాజీ టెర్మినస్ అయింది, 2017లో మధ్యలో మహారాజ్ చేరింది. 1970 ఫొటోకి అప్పటి పేరూ ఉండాలి, ఇప్పటి పేరూ ఉండాలి, ఎవరు ఏ పేరుతో వెతికినా దొరకాలి. అలాగే ఇంజిన్ చక్రాల అమరికని 4-6-2 అని ఒకచోట, దానికే ఉన్న ఇంకో పేరు పసిఫిక్ అని ఇంకోచోట రాస్తే వెతికినప్పుడు సగమే వస్తాయి, ఏదో ఒకటి అనుకుని చివరిదాకా అదే వాడండి. ఫొటోలో మనుషులుంటే వాళ్లనీ రాయండి, ఫైర్‌మన్, పాయింట్స్‌మన్, టీ అమ్మే పిల్లాడు, చాలా షీట్లలో ఇంజిన్ నంబర్ తప్ప వీళ్లెవరూ కనపడరు, అది నాకు చాలా బాధగా ఉంటుంది.

షీట్ పూర్తయ్యాక ముఖ్యమైన వివరాలు ఫొటో ఫైల్ లోపలే వివరాలు దాచుకునే ఐపీటీసీ గడుల్లోకి కూడా ఎక్కించండి, ఎగ్జిఫ్‌టూల్ లాంటి ఫ్రీ సాఫ్ట్‌వేర్ షీట్‌లోంచి ఒకేసారి ఎక్కించేస్తుంది, అప్పుడు ఫైల్ ఎక్కడికి పోయినా కథ దానితోనే పోతుంది. ఫైల్‌లో కనపడే తేదీ స్కాన్ చేసిన రోజుది, దాన్ని చూసి మోసపోవద్దు. కాపీలు మూడు, రెండు వేర్వేరు రకాల స్టోరేజీలో, ఒకటి వేరే ఊళ్లో లేదా క్లౌడ్‌లో. ప్రతి ఫైల్‌కీ చెక్‌సమ్ (ఫైల్ కొంచెం మారినా మారిపోయే గుర్తింపు కోడ్) తీసి పెట్టుకుని ఏడాదికోసారి సరిచూడండి, పాడైన ఫైల్‌ని గమనించకపోతే అదే బ్యాకప్‌లోకీ వెళ్లిపోతుంది. స్కాన్ అయిపోయింది కదా అని నెగెటివ్‌లు మాత్రం పారెయ్యకండి, రేపు ఇంకా మంచి స్కానర్ వస్తుంది.

పెట్టె మీ చేతిలో ఉన్నంత మాత్రాన కాపీరైట్ మీదైపోదు, అది సాధారణంగా తీసినవాళ్లదీ వాళ్ల వారసులదీ. వాళ్ల నుంచి ఎక్కడ వాడుకోవచ్చో, పేరు ఎలా వెయ్యాలో ఒక కాగితం మీద రాయించుకోండి. ఒక మ్యూజియంకి గానీ ఆర్కైవ్‌కి గానీ ఇవ్వాలనుకుంటే మొత్తం తీసుకుంటారా, నచ్చినవి ఏరుకుంటారా అని ముందే అడగండి, ఏరుకుంటామంటే నేనైతే ఇంకో చోటు వెతుకుతా, ఎందుకంటే 23 ఒకచోటికీ 22 ఇంకోచోటికీ పోతే మళ్లీ మొదటికొస్తాం. ఇచ్చేటప్పుడు షీట్, రికార్డింగులు, తెరిచిన రోజు తీసిన పెట్టె ఫొటోలు కూడా అదే డ్రైవ్‌లో పెట్టి ఇవ్వండి, షీట్‌ని ఒకసారి ప్రింట్ తీసి పెట్టె లోపల కూడా పెట్టండి.