కొరియర్‌లో వచ్చే గులాబీ అంటు: ఆర్డర్ నుంచి మొదటి కత్తిరింపు దాకా

ఆన్‌లైన్‌లో గులాబీని అందరూ పువ్వు ఫోటో చూసే కొంటారు. పార్సిల్‌లో మాత్రం పువ్వు రాదు. ఆకులు రాలిన రెండు మూడు కొమ్మలు, ఒక అంటు ముడి, దాని కింద కొన్ని వేర్లు వస్తాయి. మొక్క బతికేదీ లేనిదీ తేల్చేవి అవే. అందుకే డబ్బు కట్టే ముందు నర్సరీవాళ్లను అడగాల్సినవన్నీ అంటు గురించి, వేర్ల గురించే.

డబ్బు కట్టే ముందు

కన్ను అంటు (కావాల్సిన రకం మొగ్గను వేరే గులాబీ మొక్క మీద అతికించడం) కట్టిన మొక్కా, కొమ్మ నాటి పెంచిందా అన్నది మొదటి ప్రశ్న. పన్నీరు గులాబీ, నాటు గులాబీ, మినియేచర్లు కొమ్మ నాటినా చక్కగా వస్తాయి. హైబ్రిడ్ టీలు అనే పెద్ద పువ్వుల రకాలకు చాలావరకు సొంత వేర్ల మీద బలం పుంజుకోవడానికి ఏళ్లు పడుతుంది, వీటికి అంటు మొక్కే మేలు. అంటు కట్టి ఎన్ని నెలలైందో కూడా అడగండి. 6 నెలలు దాటి, పెన్సిలంత లావు కొమ్మలు కనీసం రెండు ఉన్న మొక్క ప్రయాణాన్ని తట్టుకుంటుంది. అంటు కట్టి రెండు నెలలే అయిన మొక్కకు ముడి సరిగ్గా అతుక్కుని ఉండదు, పెట్టెలో ఊగి అక్కడే విరుగుతుంది.

తర్వాత అడుగు మొక్క, అంటే ముడి కింద వేర్లనిచ్చే మొక్క, సంగతి. బెంగళూరు వైపు ఎక్కువగా మల్టీఫ్లోరా అనే గులాబీ మీద, ఉత్తరాదిన ఇండికా ఒడొరాటా అనే గులాబీ మీద కడతారు. సున్నం ఎక్కువున్న నేల, ఉప్పదనం ఉన్న బోరు నీరు మల్టీఫ్లోరాకు పడవు. మీ బకెట్ల అంచున తెల్లటి పొర కడుతుంటే ఈ ప్రశ్న తప్పకుండా అడగాలి.

నీలి గులాబీ, ఇంద్రధనుస్సు గులాబీ, వాటి విత్తనాల ప్యాకెట్లు కొనకండి. ఆ ఫోటోలు రంగు నీళ్లలో పెట్టిన తెల్ల పూలవి, లేదా కంప్యూటర్‌లో రంగు మార్చినవి. జపాన్‌లో జన్యుమార్పిడి చేసి 2009లో అమ్మకానికి తెచ్చిన ‘అప్లాజ్’ కూడా ఊదా రంగే తప్ప నీలం కాదు. పైగా గులాబీ విత్తనం మొలిచినా తల్లి మొక్క పువ్వు రాదు. రకం నిలబడేది అంటులోనో కొమ్మలోనో మాత్రమే.

రకం పేరు లేకుండా ‘ఎర్ర గులాబీ – 1’ అని అమ్మేచోట కొంటే ఏ మొక్క వస్తుందో చెప్పలేం. తొలిసారి కొనేవాళ్లకు ‘క్వీన్ ఎలిజబెత్’, ‘ఐస్‌బర్గ్’, ‘గ్లాడియేటర్’ మంచివి, మన వేడిని బాగా ఓర్చుకుంటాయి. ‘డబుల్ డిలైట్’ వాసన అద్భుతం, కానీ బూడిద తెగులు త్వరగా పట్టుకుంటుంది. దాన్ని రెండో ఏడాదికి ఉంచుకోండి. రేకులు కిక్కిరిసి ఉండే ఇంగ్లిష్ గులాబీలు మన దగ్గర డిసెంబరు, జనవరిల్లోనే ఫోటోలోలా పూస్తాయి. మార్చి దాటితే పువ్వు చిన్నదై ఒక్క రోజులో వాడిపోతుంది.

తెప్పించే కాలం తెలంగాణ, రాయలసీమల్లో అక్టోబరు మధ్య నుంచి జనవరి చివరి దాకా. కోస్తాలో తుపాన్ల వానలు తగ్గాక మొదలుపెట్టడం మంచిది. ఏప్రిల్, మే నెలల్లో ఎంత తగ్గింపు ధర ఇచ్చినా వద్దు, మూసిన వ్యానులో మొక్క ఉడికిపోతుంది. సోమవారం పంపమని చెప్పండి. గురు, శుక్రవారాల్లో బయల్దేరిన పెట్టె ఆదివారమంతా గోదాములో ఉండిపోతుంది. రాజమండ్రికి దగ్గర్లో ఉన్నవాళ్లకు కొరియర్ అవసరమే లేదు. కడియపులంక వెళ్లి అంటు ముడిని చేత్తో పట్టుకు చూసి తెచ్చుకోవచ్చు.

పెట్టె విప్పగానే

విప్పేటప్పుడు వీడియో తీయండి. మొక్క చచ్చి వస్తే మార్చి ఇవ్వడానికి చాలా నర్సరీలు దాన్నే అడుగుతాయి. ఆకులు పసుపెక్కి రాలినంత మాత్రాన భయపడక్కర్లేదు, చీకట్లో నాలుగైదు రోజులున్న ఏ గులాబీ అయినా అంతే. చూడాల్సింది కొమ్మను. గోటితో బెరడు మీద కొద్దిగా గీకితే లోపల పచ్చగా, తడిగా ఉండాలి. గోధుమ రంగులో ఉంటే పచ్చదనం కనబడేదాకా కిందికి కత్తిరించాలి. అంటు ముడి దాకా గోధుమ రంగే ఉంటే ఆ మొక్క చనిపోయినట్టే, ఆ రోజే ఫిర్యాదు చేయండి.

అంటు ముడికి ప్లాస్టిక్ పట్టీ ఇంకా చుట్టి ఉంటే, కన్ను ఉన్న వైపు కాకుండా వెనక వైపు బ్లేడుతో నిలువునా కోసి తీసేయాలి. చాలామంది దాన్ని అలాగే వదిలేస్తారు. కొమ్మ లావెక్కేకొద్దీ ఆ పట్టీ లోపలికి కోసుకుపోయి, ఏడాది తర్వాత గాలికి మొక్క ముడి దగ్గరే విరిగిపడుతుంది.

ఇక వేర్లు. మట్టి లేకుండా, తడి కొబ్బరి పొట్టులోనో నాచులోనో చుట్టి వస్తే వేర్లు మాత్రమే మునిగేలా బకెట్ నీళ్లలో 4 నుంచి 6 గంటలు ఉంచండి. రాత్రి పార్సిల్ వస్తే తెల్లారేదాకా ఉంచినా ఫర్వాలేదు గానీ రోజు దాటకూడదు. విరిగిన, నల్లబడిన వేర్లు కత్తిరించి అదే రోజు నాటేయాలి.

గట్టి మట్టి గడ్డతో వచ్చే మొక్కలే ఎక్కువ ఇబ్బంది పెడతాయి. కడియం నుంచి, పుణె వైపు నుంచి ఇలాంటివి చాలా వస్తుంటాయి. ఆ బంకమట్టి ప్రయాణంలో వేర్లను కాపాడుతుంది, కానీ కుండీలోకి వెళ్లాక అదే ఉరితాడవుతుంది. చుట్టూ మనం వేసిన మిశ్రమం గుల్లగా ఉంటుంది కాబట్టి పోసిన నీరు పక్కల నుంచి జారి కిందికి పోతుంది, గడ్డ లోపల పొడిగానే ఉంటుంది. పైన మట్టి తడిగా కనిపిస్తూనే మొక్క ఎండిపోతుంది. కాబట్టి నాటే ముందు గడ్డను బకెట్‌లో మూడింట రెండు వంతులు మునిగేలా పెట్టి, బుడగలు ఆగేదాకా, అంటే సుమారు అరగంట, ఉంచండి. మెత్తబడిన పై పొరను వేళ్లతో ఒక అంగుళం మేర రాల్చండి. మొత్తం గడ్డ విప్పదీస్తే సన్న వేర్లు తెగిపోతాయి, అక్కడితో ఆపాలి. నాటాక తొలి నెల నీరు మొదలు దగ్గరే, గడ్డ మీద పడేలా నెమ్మదిగా పోయండి.

నాటడం

నేలలో అయితే అడుగున్నర పొడవు, వెడల్పు, లోతు గల గుంత. అందులో 8 నుంచి 10 కిలోల బాగా చివికిన పశువుల ఎరువు, పావు కిలో వేపపిండి. పచ్చి పేడ వేస్తే వేర్లు మాడతాయి, చెదలు కూడా వస్తాయి. మొక్కకూ మొక్కకూ రెండు నుంచి రెండున్నర అడుగుల దూరం చాలు. కుండీలో అయితే రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు చివికిన ఎరువు, ఒక పాలు ముతక ఇసుక లేదా కొబ్బరి పొట్టు. హైబ్రిడ్ టీకి చివరికి 12 అంగుళాల కుండీ కావాలి, కానీ చిన్న మొక్కను ఒకేసారి అందులో పెట్టకండి. వేర్లు అందుకోలేనంత మట్టి తడిగా ఉండిపోయి కుళ్లు మొదలవుతుంది. ముందు 8 అంగుళాలది, మూడు నాలుగు నెలల తర్వాత పెద్దది.

అంటు ముడి మట్టికి ఒక అంగుళం పైనే ఉండాలి. అమెరికాలో ఉండే మనవాళ్లు ముడిని రెండు అంగుళాల లోతున పూడ్చామని చెబితే అది మంచు పడే రాష్ట్రాల పద్ధతి, గడ్డకట్టే చలి నుంచి ముడిని కాపాడటానికి చేస్తారు. మన తడికీ చెదలకూ పూడ్చిన ముడి కుళ్లిపోతుంది.

తొలి 40 రోజులు

కొత్త గులాబీలు ఎక్కువగా చచ్చేది ఈ రోజుల్లోనే, అదీ అతి శ్రద్ధ వల్ల. మొదటి వారం, పది రోజులు వెలుతురు ఉండే నీడలో ఉంచండి. ఆకులే లేని మొక్కకు పారదర్శక కవరు వదులుగా కప్పితే కొమ్మలు ఎండవు, కానీ కవరు మీద నేరుగా ఎండ పడకూడదు. చిగురు కనబడ్డాక పొద్దుటి ఎండ రెండు గంటలు, వారం తర్వాత నాలుగు, ఆపై ఆరు గంటలు. వేలు అంగుళం లోతు గుచ్చి, పొడిగా తగిలితేనే నీరు పోయాలి. ఆకుల్లేని మొక్క నీరు తాగేది చాలా తక్కువ.

ఈ రోజుల్లో రసాయన ఎరువు ఒక్క చిటికెడు కూడా వద్దు. వచ్చిన మొదటి రెండు మూడు మొగ్గలు శనగగింజంత ఉన్నప్పుడే తుంచేయండి. మనసొప్పదు, నిజమే, కానీ ఆ బలంతోనే అడుగు నుంచి కొత్త కొమ్మలు వస్తాయి. చిగుళ్లు ముదిరి ఆకులు ముదురాకుపచ్చ రంగుకు వచ్చాక 19:19:19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉన్నది) లీటరు నీటికి 2 గ్రాములు కలిపి 15 రోజులకోసారి పోయవచ్చు. లేదా 100 గ్రాముల వేరుశనగ చెక్కను లీటరు నీళ్లలో నాలుగు రోజులు నానబెట్టి, పది రెట్లు నీళ్లు కలిపి పోయండి.

ముడి కింద నుంచి వచ్చే పిలకలు అడుగు మొక్కవి. వదిలేస్తే అవే మొక్కనంతా ఆక్రమిస్తాయి, మీరు కొన్న రకం మాయమవుతుంది. ఏడు ఆకులుంటే పిలక, అయిదుంటే అసలుది అనే లెక్క నమ్మకండి, మంచి రకాలకూ ఏడు వస్తాయి. మట్టి తీసి ఎక్కడ పుట్టిందో చూడటమే సరైన పద్ధతి. ముడి కిందైతే కత్తిరించకుండా కిందికి లాగి మొదలంటా పీకేయాలి, కత్తిరిస్తే అక్కడే మళ్లీ మొలుస్తుంది.

రోగాలు, పురుగులు

వానాకాలంలో ఆకులపై నల్లమచ్చలు వచ్చి పసుపెక్కి రాలితే మాంకోజెబ్ అనే తెగులు మందు లీటరు నీటికి 2.5 గ్రాములు కలిపి చల్లాలి. రాలిన ఆకులు ఏరి పారేయకపోతే ఎంత చల్లినా వృథా. చలికాలంలో బూడిద తెగులుకు నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు. ఎండ 32 డిగ్రీలు దాటిన రోజున గంధకం చల్లితే ఆకులు మాడతాయి, వేపనూనె చల్లిన రెండు వారాల్లోపు కూడా చల్లకూడదు. ఫిబ్రవరి తర్వాత మొగ్గల అంచులు గోధుమ రంగుకు మారి విచ్చుకోకపోతే అవి తామర పురుగులు, స్పినోసాడ్ అనే పురుగుమందు లీటరుకు 0.3 మిల్లీలీటర్లు. వేసవిలో ఆకుల అడుగున సన్నటి గూడు, పైన దుమ్ము చల్లినట్టు చుక్కలు ఉంటే ఎర్రనల్లి. దీనికి ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు కొడుతుంటారు గానీ అది నల్లిని చంపదు, ఇంకా పెంచుతుంది. రెండు రోజులకోసారి పొద్దున్నే ఆకుల అడుగున నీటి ధార గట్టిగా కొడితే చాలావరకు అదుపులోకి వస్తుంది. లేత ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది తెగులు కాదు, బోరు నీటి వల్ల ఇనుము అందకపోవడం. అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) లీటరుకు 5 గ్రాములు కలిపి సాయంత్రం పూట చల్లండి.

మొదటి కత్తిరింపు

మార్చి నుంచి వానల దాకా గట్టి కత్తిరింపు వద్దు, వాడిన పూలు తీసేస్తే చాలు. మధ్యాహ్నపు ఎండకు 50 శాతం షేడ్‌నెట్ కట్టండి. అసలు కత్తిరింపు వానలు తగ్గాక, హైదరాబాద్‌లో అక్టోబరు రెండో వారంలో. తొలి ఏడాది మొక్కకు మూడో వంతుకు మించి తీయకూడదు. బయటి వైపు చూసే కన్నుకు పావు అంగుళం పైన ఏటవాలుగా కోయండి. కోత మధ్యలో బెండు గోధుమ రంగులో కనిపిస్తే ఎండు తెగులు లోపలికి దిగిందని అర్థం, తెల్లటి బెండు కనబడేదాకా కిందికి కోస్తూ పోవాలి. ప్రతి కోతకూ కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు ముద్ద రాసి, ఒక్కో మొక్క తర్వాత కత్తెరను స్పిరిట్‌తో తుడవండి. అక్కడి నుంచి 45, 50 రోజులకు, అంటే నవంబరు చివర్లో, పూత వస్తుంది.