మ్యాప్‌లో బాట ఉంది, అక్కడికెళ్తే లేదు: ఏ లేయర్ నమ్మాలి?

సమస్య: బాట ఉండాల్సిన చోట చెరువుంది

బెంగళూరు నుంచి కోలారు వైపు మట్టిదారులు పట్టేవాళ్లకి ఇది మామూలే. కిందటి వానాకాలం అయ్యాక మేం నలుగురం మ్యాప్ యాప్‌లో శాటిలైట్ లేయర్ (ఉపగ్రహ చిత్రాల పొర) పెట్టి, అందులో తెల్లటి గీత చూసుకుని బయల్దేరాం. తీరా వెళ్తే ముందు చక్రానికి జానెడు దూరంలో నీళ్లు, వాటిలో సగం మునిగిన తుమ్మచెట్లు.

కారణం: ఆ బొమ్మ చెరువు ఎండిపోయి ఉన్నప్పటిది. కోరమంగల-చల్లఘట్ట లోయ పథకం కింద 2018 నుంచి బెంగళూరులో శుద్ధి చేసిన నీళ్లు కోలారు చెరువులకు వెళ్తున్నాయి. ఏళ్ల తరబడి బీటలు వారిన చెరువులు కూడా నిండాయి.

పరిష్కారం: గూగుల్ ఎర్త్‌లో పాత చిత్రాలు తెరిచి ముందుగా బొమ్మ ఏ తేదీదో చూడండి. తర్వాత కోపర్నికస్ బ్రౌజర్ అనే వెబ్‌సైట్‌లో సెంటినెల్-2 (ఐరోపా ఉపగ్రహాల) లేయర్ పెట్టండి, ఉచితమే. బొమ్మలో ఒక్కో పిక్సెల్ నేల మీద 10 మీటర్లు కాబట్టి కాలిబాట కనిపించదు. నీళ్లున్నదీ లేనిదీ మాత్రం తెలిసిపోతుంది. సుమారు 5 రోజులకో కొత్త బొమ్మ వస్తుంది, మబ్బు పట్టి ఉంటే దాని వెనకటిది చూసుకోవాలి.

సమస్య: ఆరు కిలోమీటర్లకి మూడు గంటలు పట్టింది

కారణం: శాటిలైట్ బొమ్మలో కొండ కూడా చాప పరిచినట్టే ఉంటుంది.

పరిష్కారం: కాంటూర్ లేయర్, అంటే ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలు. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 షీట్లలో మన వైపు సాధారణంగా 20 మీటర్ల ఎత్తుకో గీత ఉంటుంది. షీటు మీద 2 మిల్లీమీటర్లంటే నేల మీద 100 మీటర్లు. అంత దూరంలో బాట ఒక గీత దాటితే 20 శాతం వాలు. రెండు దాటితే, సామాను కట్టిన బరువు బండితో అటు పోవద్దనే అంటాను. యాప్‌లలోని గీతలు చాలావరకు నేల మీద 30 మీటర్లకో చోట ఎత్తు చెప్పే డేటాతో గీసినవి. రెండు మీటర్ల లోతు వాగు కోత వాటికి చిక్కదు.

సమస్య: గీత ఒకటే, కింద ఒకచోట గట్టి నేల, ఇంకోచోట ఇసుక

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో (జనమే గీసి, వివరాలు రాసే ఉచిత మ్యాప్) బండ్లబాటకి గ్రేడ్ 1 నుంచి 5 దాకా ఉంటుంది. 1 గట్టిది, 5 మెత్తటిది. ఆ మ్యాప్‌నే వాడే ఓస్మ్‌అండ్ (OsmAnd) యాప్‌లో రోడ్డు ఉపరితలం చూపించే ఆప్షన్ ఆన్ చేయండి. ఖాళీగా ఉంటే బాట బాగుందని కాదు, ఎవరూ రాయలేదని.

సమస్య: చెక్‌పోస్టు దగ్గర వెనక్కి పంపేశారు

కనకపుర దాటి కావేరి వన్యప్రాణి అభయారణ్యం వైపు వెళ్తే ఇదే తంతు. బాట గీసి ఉన్నంత మాత్రాన వెళ్లనిస్తారని కాదు. రక్షిత ప్రాంతాల సరిహద్దు లేయర్ పెట్టుకుని, గీత లోపలికి పోతుంటే అటవీశాఖ వాళ్లని ముందే అడగండి.

సమస్య: సిగ్నల్ పోగానే తెర ఖాళీ

బేస్ మ్యాప్ (దారులు, ఊళ్లు ఉండే అడుగు మ్యాప్) ఒక్కటే ఫోన్‌లోకి దించుకుని ఉంటారు. ఓస్మ్‌అండ్‌లో కాంటూర్లు, కొండల నీడలు విడిగా దించుకోవాలి. బయల్దేరే ముందు రాత్రి ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, దారంతా వేలితో జరుపుతూ చూడండి. ఎక్కడ ఖాళీ వస్తే అక్కడిది వైఫై ఉండగానే దించుకోండి.