ఎరువు వేశాక మొక్క దెబ్బతింటే మందు కొట్టకండి, ముందు ఎరువు సంగతి చూడండి

ఎరువు వేసిన కొద్ది రోజులకే మొక్కలు పాడైపోతున్నాయని ఎవరు చెప్పినా నేను అడిగేది ఒకటే: కుప్ప లోపలికి చెయ్యి పెట్టి చూశారా? చాలామంది చూడరు. రంగు నల్లగా ఉంది కదా అని వేసేస్తారు. మాగిన ఎరువు చల్లగా, పొడిపొడిగా ఉంటుంది, వాన పడ్డ మట్టి వాసన వస్తుంది. లోపల వెచ్చగా ఉన్నా, అమ్మోనియా ఘాటు ముక్కుకు కొట్టినా అది ఇంకా పచ్చిదే.

ఆకుల అంచులు మాడిపోతే

పచ్చి ఎరువు పని. కోళ్ల ఎరువైతే మరీను. అమ్మోనియా, ఉప్పు కలిసి వేళ్లను కాల్చేస్తాయి. పైన వేసింది తీసేసి, కుండీ అడుగు నుంచి నీళ్లు కారేదాకా రెండు మూడు సార్లు తడపండి. మిగిలిన సంచిని కొన్ని నెలలు తడుపుతూ, తిరగేస్తూ మాగనివ్వండి.

మొక్క పాలిపోయి ఎదగకపోతే

రంపపు పొట్టో, గడ్డో చివకకుండా కలిసింది. దాన్ని చివికించే సూక్ష్మజీవులు మొక్కకు దక్కాల్సిన నత్రజని లాగేసుకుంటాయి. బాగా మాగిన ఎరువు కాస్త పైన వేయండి, తేరుకుంటుంది.

చిగుళ్లు మెలితిరిగితే

నన్ను ముంచింది ఇదే. ఆ ఎరువు చూడముచ్చటగా ఉంది. నల్లగా, వాసన లేకుండా, వానపాములతో సహా. మూడు వారాలకు టమాటా చిగుళ్లు దోసిలి పట్టినట్టు ముడుచుకుని, కొత్త ఆకులు సన్నటి పీలికల్లా వచ్చాయి. ఆకుముడత తెగులనుకుని, దాన్ని మోసుకొచ్చే తెల్లదోమ మీదికి మూడు సార్లు వేపనూనె కొట్టాను. దోమ ఉంటేగా!

అసలు దోషి కలుపు మందు. అమినోపైరాలిడ్, క్లోపైరాలిడ్, పిక్లోరామ్ అనే మందులు గడ్డిని వదిలేసి వెడల్పాకు కలుపును చంపుతాయి. అందుకే పచ్చిక బయళ్లలో కొడతారు. ఆ గడ్డి తిన్న ఆవుకు, గుర్రానికి ఏమీ కాదు. మందు మాత్రం పేడలోంచి, మూత్రంలోంచి దాదాపు అలాగే బయటికొస్తుంది. కుప్ప వేసి మాగబెట్టినా అంత తేలిగ్గా పోదు. టమాటా, చిక్కుడు, బఠాణీ, బంగాళాదుంపలకు దాని ఆనవాలు చాలు. 2008లో బ్రిటన్‌లో ఇంటి తోటలు ఇలాగే దెబ్బతింటే అమినోపైరాలిడ్ మందుల అమ్మకాన్ని కొంతకాలం ఆపాల్సి వచ్చింది.

తెగులుకూ దీనికీ తేడా కంటితోనే తెలుస్తుంది. తెగులు అక్కడో మొక్క, ఇక్కడో మొక్కతో మొదలవుతుంది. ఇది ఎరువు పడ్డ మడి మొత్తాన్నీ ఒకేసారి పడుతుంది. అదే మడిలోని మొక్కజొన్న మాత్రం నవనవలాడుతూ ఉంటుంది.

అమ్మేవాళ్లను పశువులు ఏం తిన్నాయని, ఆ గడ్డికి కలుపు మందు కొట్టారా అని అడగండి. గడ్డి బయట కొన్నవాళ్లకు ఆ సంగతి తెలియకపోవచ్చు, కాబట్టి మాట మీద ఆగకండి. కుప్పలో నాలుగైదు చోట్ల నుంచి ఎరువు తీసి, సగం మంచి మట్టి కలిపి మూడు కుండీలు నింపండి. మరో మూడు కుండీల్లో ఉత్త మట్టి. అన్నిటిలోనూ బీన్స్ గింజలు వేయండి. ఒకదాని నీళ్లు మరోదానిలోకి పోకూడదు. మొదటి జత ఆకులు బాగున్నాయని సంబరపడి ఆపేయొద్దు. ఆ తర్వాత వచ్చే మూడాకుల రెమ్మలు విప్పుకునేదాకా, అంటే రెండు మూడు వారాలు, చూడాలి. ఎరువు కుండీల్లో మాత్రమే ముడుచుకుంటే ఆ లోడు వద్దు. కొత్త లోడు వచ్చిన ప్రతిసారీ ఇదే పరీక్ష.

ఇప్పటికే వేసేశారా? కనిపించినంత ఎరువు తీసేయండి. దాన్నీ, దెబ్బతిన్న మొక్కలనూ కంపోస్ట్‌లో వేయొద్దు. మడిని తవ్వి తడి ఆరకుండా ఉంచితే మట్టిలోని సూక్ష్మజీవులు మందును మెల్లగా విరిచేస్తాయి. నెలలు పట్టొచ్చు, ఏళ్లూ పట్టొచ్చు. అందాకా మొక్కజొన్న వేసుకోండి. టమాటా నాటే ముందు ఆ మట్టిలోనే మళ్లీ బీన్స్ పరీక్ష చేయండి.

మిగతావి

పచ్చి ఎరువు వేసిన మడిలో, నేలకు తగిలే కూరల కోతకు 120 రోజులు, తగలనివాటికి 90 రోజులు ఆగాలన్నది అమెరికా సేంద్రియ సాగు నియమం. కుక్క, పిల్లి మలం కూరల మడిలో వేయనే వద్దు. తెల్లటి లావు పురుగులు కనిపిస్తే ఏరిపారేయండి. గాజు ముక్కలు, ప్లాస్టిక్ కనిపించిన సంచిని జల్లెడ పడుతూ కూర్చోకుండా వెనక్కిచ్చేయండి.