మట్టిలో కూరుకుపోయిన యుద్ధవిమానం కోసం వెతకాలంటే, పార కన్నా ముందు కాగితాలు

1940లో ఇంగ్లండ్ ఆకాశంలో జర్మన్లతో పోరాడిన బ్రిటిష్ వైమానిక దళం స్క్వాడ్రన్లలో (విమాన దళాల్లో) రెండింటికి హైదరాబాద్ పేరుంది, నిజాం విరాళానికి గుర్తుగా. స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాలు నడిపిన 152వ స్క్వాడ్రన్, హరికేన్ యుద్ధవిమానాలు నడిపిన 253వ స్క్వాడ్రన్. ఆనాడు నిటారుగా కూలి మెత్తటి బంకమట్టిలోకి దూసుకుపోయిన విమానాల ఇంజన్లు కొన్ని ఇంకా పొలాల కింద ఉన్నాయి. అక్కడున్న మనవాళ్లెవరికైనా ఈ పని మీద మనసు పడితే ఇలా మొదలుపెట్టండి.

మొట్టమొదట తేల్చాల్సింది పైలట్ ఏమయ్యాడన్నది. లండన్ కివ్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఎయిర్ 27 వరుసలో స్క్వాడ్రన్ల రోజువారీ రికార్డులు, ఎయిర్ 50లో పోరాట నివేదికలు దొరుకుతాయి. ఎవరు ఎగిరారు, ఎవరు తిరిగి రాలేదు, ఎవరు పారాషూట్‌తో దిగారు, అన్నీ చూడండి. అతని శరీరం దొరకలేదని తేలితే ఆ చోటు సమాధితో సమానం, నా మాట వినండి, అక్కడితో వదిలేయండి. లైసెన్స్ కూడా సాధారణంగా ఇవ్వరు.

అవును, లైసెన్స్ కావాలి. 1986 నాటి చట్టం ప్రకారం బ్రిటన్‌లో కూలిన ప్రతి సైనిక విమానానికీ రక్షణ ఉంది, కాబట్టి రక్షణ శాఖ లైసెన్స్, పొలం యజమాని అనుమతి రెండూ చేతిలో ఉండాలి. అవి వచ్చేదాకా, దున్నిన పొలంలో నడుస్తుంటే అల్యూమినియం ముక్క కనిపించినా తీసి జేబులో వేసుకోకండి, ఫొటో తీసి చోటు రాసుకోండి చాలు.

మామూలు మెటల్ డిటెక్టర్ లోతుకు పనికిరాదు. మాగ్నెటోమీటర్ (అయస్కాంత క్షేత్రంలో తేడాలు కొలిచే పరికరం) కావాలి, కానీ అది ఇనుమునే పట్టుకుంటుంది, స్పిట్‌ఫైర్ ఒళ్లు చాలావరకు అల్యూమినియం, అంటే మీకు సిగ్నల్ వచ్చేది ఇంజన్‌లోని ఉక్కు భాగాల నుంచి, తుపాకుల నుంచి. పాత కంచె తీగ కూడా అలాగే మోగుతుంది! అందుకే కాగితం లేని సిగ్నల్‌ని నమ్మకూడదు. బర్మాలో స్పిట్‌ఫైర్లను పెట్టెల్లో పాతిపెట్టారని నమ్మి 2013లో యాంగాన్ విమానాశ్రయం దగ్గర వెతికితే ఒక్కటీ దొరకలేదు.

తవ్వే రోజు పొక్లెయిన్‌తో పైమట్టి విడిగా పోయించండి, గుంట అంచులు ఏటవాలుగా ఉంచండి, నిటారుగా ఉంటే విరిగి మీద పడతాయి. మట్టి నీలం బూడిద రంగులోకి తిరిగి పెట్రోల్ వాసన కొట్టిందంటే దగ్గరికి వచ్చినట్టే, అక్కడి నుంచి యంత్రం ఆపి చేతి పనిముట్లతోనే. బాంబు లాంటిదేదైనా కనిపిస్తే అందరూ దూరం జరిగి పోలీసులకు ఫోన్ చేయాలి. ఎముక కనిపిస్తే ఎన్ని నెలల శ్రమైనా సరే పని ఆగిపోవాలి, పోలీసులకీ రక్షణ శాఖకీ చెప్పాలి.

గాలి తగలని బంకమట్టిలో గుడ్డ, కాగితం కూడా నిలుస్తాయి, పైకొచ్చాకే పాడవుతాయి. ప్రెషర్ వాషర్ అసలొద్దు, పెయింట్‌తో రాసిన అంకెలు కొట్టుకుపోతాయి. మెత్తటి బ్రష్‌తో నెమ్మదిగా కడిగి ఇంజన్ నంబర్ ప్లేట్ వెతకండి, అది రికార్డుతో సరిపోయినప్పుడే ఫలానా విమానమని చెప్పగలరు. వాచీ, ఉత్తరం, పర్సు లాంటి పైలట్ సొంత వస్తువులు మాత్రం మీవి కావు, వాటిని రక్షణ శాఖకు అప్పగించండి, అతని వాళ్లెవరైనా ఉంటే వాళ్లకు చేరాలి.