ఇంగ్లిష్ పదాల చివరి హల్లు స్పష్టంగా పలకాలంటే

తెలుగు అజంత భాష. పదం చివర అచ్చు పలకడం మన నోటికి అలవాటు కాబట్టి బస్ ‘బస్సు’, బుక్ ‘బుక్కు’ అవుతాయి. ఇంగ్లిష్ మాట్లాడేటప్పుడు ఆ ‘ఉ’ని ఆపడమే మొదటి పని.

‘క్యాప్’ అనండి. ‘ప్’ దగ్గర పెదవులు మూసి ఒక్క క్షణం ఆగండి, తర్వాత చప్పుడు లేకుండా తెరవండి. గొంతు మీద వేలు ఉంచండి. పెదవులు తెరిచాక అదురు తెలిసిందంటే ‘ఉ’ దూరినట్టే. ‘క్యాట్’కి నాలుక కొన పైపళ్ల వెనక చిగురు దగ్గర ఆగాలి.

అసలు చిక్కు ‘బ్యాక్’, ‘బ్యాగ్’ల తేడాలో ఉంది. చివరి ‘గ్’ని ఒత్తి పలికితే మళ్లీ ‘బ్యాగు’ అయిపోతుంది. హల్లుని ఒత్తకండి, దాని ముందున్న అచ్చుని చూసుకోండి: ‘బ్యాగ్’లో సాగదీయండి, ‘బ్యాక్’లో చటుక్కున తుంచండి. సీట్-సీడ్, క్యాప్-క్యాబ్ జంటలకీ ఇదే కిటుకు. ఫోన్‌లో రికార్డు చేసి, కాసేపాగి విని, ఏది ఏదో పోల్చుకోగలరేమో చూడండి.

‘వర్క్’కి భూతకాలం ‘వర్కెడ్’ కాదు, ‘వర్క్‌ట్’. తర్వాతి పదం అచ్చుతో మొదలైతే పని తేలిక: ‘పిక్ ఇట్ అప్’ని మన సంధిలాగే కలిపి ‘పికిటప్’ అనేయండి.