ఏ పరికరం ఎవరితో మాట్లాడుతోంది? ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ రౌటర్‌లో కనెక్షన్లు చూసే పద్ధతి

ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అంటే రౌటర్‌ను నడిపే, లినక్స్ మీద కట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్. అది ఉన్న రౌటర్‌లో కనెక్షన్ల లిస్టు తెరిస్తే, ఇంట్లో నాలుగు ఫోన్లే ఉన్నా వందల వరుసలు కనిపించగానే ఎవరో హ్యాక్ చేశారని కంగారు పడనక్కర్లేదు. ఒక్క న్యూస్ సైటు తెరిస్తే చాలు, ప్రకటనలకూ బొమ్మలకూ వీడియోలకూ పదుల కొద్దీ కనెక్షన్లు పుడతాయి. పైగా అది ఈ క్షణాన నడుస్తున్న ట్రాఫిక్ కాదు, రౌటర్ ఇంకా మరిచిపోని కనెక్షన్ల పట్టీ. లినక్స్ కర్నెల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో) దాని పేరు కాన్‌ట్రాక్. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ మామూలు సెట్టింగుల్లో, తెగకుండా ఊరికే ఉండిపోయిన టీసీపీ (ముందు కనెక్షన్ కుదుర్చుకుని డేటా పంపే పద్ధతి) కనెక్షన్ 7440 సెకన్లు, అంటే రెండు గంటల పైచిలుకు అందులోనే ఉంటుంది. అలా కుదుర్చుకోకుండానే పంపేసే యూడీపీకి 60 సెకన్లు, రెండు వైపులా సాగినదైతే 180. ఫోన్ పట్టుకుని మనిషి ఎప్పుడో ఆఫీసుకు వెళ్లిపోయినా దాని వరుసలు మిగిలి ఉండటం ఇందుకే.

ముందు ఏ ఐపీ (నెట్‌వర్క్‌లో పరికరం చిరునామా) ఎవరిదో తేల్చుకోండి. బ్రౌజర్‌లో 192.168.1.1 తెరిచి, రూట్ యూజర్‌గా లాగిన్ అయి, స్టేటస్ మెనూలో ఓవర్‌వ్యూకి వెళ్లండి. డీహెచ్‌సీపీ లీజుల్లో (ఏ పరికరానికి రౌటర్ ఏ ఐపీ ఇచ్చిందో చూపే పట్టీలో) టీవీ, కెమెరా, ఫోన్‌ల ఐపీలు రాసి పెట్టుకోండి. అదే పేజీలో యాక్టివ్ కనెక్షన్స్ ఎదురుగా ఇప్పటి సంఖ్య, గరిష్ఠ పరిమితి రెండూ ఉంటాయి. సంఖ్య పరిమితిని తాకితే కొత్త కనెక్షన్లు పడవు, సిస్టమ్ లాగ్‌లో ‘టేబుల్ ఫుల్, డ్రాపింగ్ ప్యాకెట్’ అని పడుతుంది. దీనికి ఎక్కువగా టొరెంటే కారణం. పరిమితి పెంచే ముందు టొరెంట్ యాప్‌లో కనెక్షన్ల సంఖ్య తగ్గించి చూడండి.

తర్వాత స్టేటస్‌లోనే రియల్‌టైమ్ గ్రాఫ్స్, అందులో కనెక్షన్స్ ట్యాబ్. ప్రోటోకాల్, సోర్స్, డెస్టినేషన్, ట్రాన్స్‌ఫర్ వరుసగా కనిపిస్తాయి. డీఎన్ఎస్ (పేర్లకూ ఐపీలకూ లంకె చూపే వ్యవస్థ) లుకప్ ఆన్ చేస్తే ఐపీల బదులు పేర్లు వస్తాయి గానీ, వాటిని గుడ్డిగా నమ్మకండి. చాలాసార్లు వచ్చేది సీడీఎన్ (చాలా సైట్ల కంటెంట్‌ను అందించే సర్వర్ల నెట్‌వర్క్) సర్వర్ పేరే, మీరు తెరిచిన సైటుది కాదు.

అసలు చూడాల్సింది పోర్టు, అంటే ఐపీ పక్కన ఉండే, ఏ సేవ కోసమో చెప్పే నంబరు. 443 వెబ్‌సైట్లది, మామూలే; యూడీపీలో కనిపించినా అది బ్రౌజర్లు వాడే క్విక్ ప్రోటోకాల్. 53 డీఎన్ఎస్, 123 గడియారం సరిచూసుకోవడానికి. సీసీ కెమెరా మాత్రం 23 లేదా 2323 పోర్టుతో రకరకాల బయటి ఐపీలకు వరుసపెట్టి వెళ్తుంటే గట్టిగా అనుమానించాలి. 2016లో మిరాయ్ బాట్‌నెట్ (హ్యాకర్ల చేతిలో పడ్డ పరికరాల దండు) వెతికింది ఈ టెల్నెట్ (దూరం నుంచి లాగిన్ అయ్యే పాత పద్ధతి) పోర్టులనే. ఎస్ఎస్‌హెచ్‌తో (కమాండ్లు టైప్ చేసే రిమోట్ లాగిన్‌తో) రౌటర్‌లోకి వెళ్లి, /proc/net/nf_conntrack ఫైల్ చదివితే ఇంకా తేలిపోతుంది: అలాంటి వరుసల్లో చాలావాటికి ‘అన్‌రిప్లైడ్’ అని ఉంటుంది, అంటే అవతలి నుంచి జవాబే రాలేదు.

కొన్ని లెక్కలు తప్పుగా కనిపించే సందర్భాలూ ఉన్నాయి. ఫైర్‌వాల్ సెట్టింగుల్లో ఫ్లో ఆఫ్‌లోడింగ్ ఆన్‌లో ఉంటే ప్యాకెట్లు అడ్డదారిన పోతాయి కాబట్టి బైట్ల లెక్క తగ్గి కనిపించవచ్చు. పరిశీలన అయ్యేదాకా ఆఫ్ చేయండి. ఒకే ల్యాన్‌లో (ఇంటి లోపలి నెట్‌వర్క్‌లో) ఫోన్ నుంచి ప్రింటర్‌కు వెళ్లేది ఈ పట్టీలోకి మామూలుగా రాదు. ఫైబర్ కంపెనీ ఇచ్చిన ఓఎన్‌టీ (ఫైబర్ మోడెమ్ పెట్టె) వెనక మీ రౌటర్ కూడా నాట్ (లోపలి పరికరాలన్నిటినీ ఒకే ఐపీ పేరు మీద బయటికి పంపడం) చేస్తుంటే, ఓఎన్‌టీలో ఎంత వెతికినా అన్నీ మీ రౌటర్ ఐపీ పేరు మీదే కనిపిస్తాయి. చూడాల్సింది లోపలి రౌటర్‌లోనే.

అనుమానం ఉన్న పరికరాన్ని ఆపాలంటే ముందు దానికి స్టాటిక్ లీజు ఇచ్చి ఐపీ మారకుండా చేయండి, పట్టీలో గుర్తుపట్టడం తేలికవుతుంది. ఆపైన నెట్‌వర్క్ మెనూలో ఫైర్‌వాల్, ట్రాఫిక్ రూల్స్: సోర్స్ జోన్ ల్యాన్, సోర్స్ ఎంఏసీ (పరికరం నెట్‌వర్క్ చిప్ నంబరు) ఆ పరికరానిది, డెస్టినేషన్ జోన్ వ్యాన్ (బయటి ఇంటర్నెట్ వైపు), యాక్షన్ రిజెక్ట్. ఐపీకి బదులు ఎంఏసీ పెడితే ఐపీవీ6 (కొత్త తరహా ఐపీ చిరునామాలు) దారి కూడా మూసుకుంటుంది. రూల్ సేవ్ చేశాక కూడా పాత కనెక్షన్ సాగుతూనే ఉంటే రూల్ తప్పని అనుకోకండి. ఇప్పటికే కుదిరిన కనెక్షన్లను ఫైర్‌వాల్ మీ రూల్ దాకా రానివ్వకుండా ముందే వదిలేస్తుంది. పరికరం ప్లగ్ ఓసారి తీసి పెట్టండి, కొత్త కనెక్షన్‌కు ప్రయత్నించగానే రూల్ పట్టుకుంటుంది.