ఓవెన్ లేకుండా చాక్లెట్ బార్ల కేకు, పలాస జీడిపప్పుతో

ముందే చెప్తున్నా, ఇందులో చెంచాడు పంచదార కూడా వెయ్యకండి. బార్లలో ఉన్న తీపే ఎక్కువ, దాన్ని అదుపులో పెట్టడానికే ఉప్పు, కాఫీ పొడి, జీడిపప్పు.

కావలసినవి: మామూలు డైరీ మిల్క్ లాంటి బార్లు 250 గ్రాములు, చిన్న ఫైవ్ స్టార్లు నాలుగు, కిట్‌క్యాట్ రెండు, మేరీ బిస్కెట్లు 150 గ్రాములు, వెన్న 70 గ్రాములు, ఫ్రెష్ క్రీమ్ 100 మిల్లీలీటర్లు, జీడిపప్పు 100 గ్రాములు, ఇన్‌స్టంట్ కాఫీ పొడి అర చెంచా. జీడిపప్పు గుండు, అంటే విరగని నిండు పప్పు, కొనకండి, దండగ. పలాస సరుకులో 320 అని రాసి ఉంటే పౌనుకి (సుమారు 450 గ్రాములకి) దాదాపు అన్ని గుళ్లు తూగుతాయని అర్థం, ఆ సైజుకే మనం డబ్బు కట్టేది. ఎలాగూ విరిచేదే కాబట్టి బద్దలో ముక్కలో అడగండి, రుచి అదే.

ఎండాకాలంలో ఏసీ లేని కొట్లో కొన్న బార్ విప్పితే పైన తెల్లటి మచ్చలు కనిపిస్తాయి కదా, అది బూజు కాదు, కరిగి మళ్లీ గట్టిపడినప్పుడు లోపలి కొవ్వు పైకి తేలడం. ఎలాగూ కరిగిస్తాం, వాడేయొచ్చు.

జీడిపప్పు దగ్గర మాత్రం తొందరపడకండి. చెంచాడు వెన్నలో సన్నని సెగ మీద కలుపుతూనే ఉండండి. ఒకటి విరిచి చూస్తే లోపల కూడా లేత బంగారు రంగు రావాలి, పైన మాత్రమే ఎర్రబడితే మంట ఎక్కువైనట్టే. దించాక కూడా ఆ వేడికి ఇంకాస్త వేగుతుంది, అందుకని అర నిమిషం ముందే దించేసి వెంటనే పళ్లెంలో పరిచి, వేడి మీదే చిటికెడు ఉప్పు చల్లండి, చల్లారాక చల్లితే పట్టదు.

బిస్కెట్లు కవర్లో వేసి చపాతీ కర్రతో నలిపి, కరిగించిన మిగతా వెన్న కలపండి. పిడికిట్లో నొక్కితే ముద్ద నిలవాలి. అంచున్న స్టీలు గిన్నెలో పరిచి గ్లాసు అడుగుతో గట్టిగా అదిమి ఫ్రిజ్‌లో పెట్టండి.

క్రీమ్‌లో కాఫీ పొడి వేసి అంచుల్లో బుడగలు వచ్చేదాకా కాచి, చిన్న ముక్కలు చేసిన డైరీ మిల్క్ మీద పోసి రెండు నిమిషాలు వదిలెయ్యండి, తర్వాత మధ్యలోంచి మెల్లగా కలపండి. ఇంకా పలుకులు మిగిలితే గిన్నెని వేడినీళ్ల మీద కాసేపు పెట్టండి. చాక్లెట్ ఒక్కదాన్నే కరిగించేటప్పుడు నీటి చుక్క పడితే గరగరలాడే ముద్దవుతుంది గానీ ఇక్కడ క్రీమ్ సరిపడా ఉంది కాబట్టి టెన్షన్ అక్కర్లేదు. అన్నట్టు, టెట్రా ప్యాక్‌లో వచ్చే 25 శాతం కొవ్వు క్రీమ్‌ని గిలక్కొట్టి నురగ చేద్దామని కూర్చోకండి, ఎంతసేపు కొట్టినా నిలవదు.

మిశ్రమం గోరువెచ్చగా అయ్యాకే ఫైవ్ స్టార్ ముక్కలు, ముప్పావు వంతు జీడిపప్పు కలపండి. వేడిలో వేస్తే లోపలి క్యారమెల్ కరిగిపోయి, కొరికినప్పుడు సాగే ఆ మజా పోతుంది. బిస్కెట్ మీద పోసి మిగతా జీడిపప్పు చల్లి, మూత పెట్టి ఫ్రిజ్‌లో కనీసం నాలుగు గంటలు ఉంచండి. మూత మరిచిపోతే పక్కనున్న చేపల పులుసు వాసనంతా చాక్లెట్‌కి ఎక్కుతుంది. డీప్ ఫ్రీజర్ వద్దు, ఫైవ్ స్టార్ రాయవుతుంది. కిట్‌క్యాట్ వడ్డించే ముందే విరిచి గుచ్చండి, ముందే గుచ్చితే మెత్తబడుతుంది.

విజయనగరంలో సిరిమాను పండక్కి చుట్టాలు దిగితే తొలేళ్ల రాత్రే, అంటే పండగ ముందు రాత్రే, చేసి పెట్టుకోండి, మర్నాడు ఆ జనంలో వంటింట్లోకి ఎవరు వెళ్తారు? మే నెలలో మాత్రం బాక్సులో పెట్టి బస్సులో పట్టుకెళ్లాలని చూడకండి. చాక్లెట్ 34 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో దిగేసరికి చెంచాతో తాగాలి.

చాకుని వేడినీళ్లలో ముంచి, తుడిచి కొయ్యండి, ముక్క చిన్నదిగానే ఉండాలి. అంచుల్లో రాలిన పొడి పారెయ్యక్కర్లేదు, గుంటలకి, అదే పిల్లలకి, రాత్రి వేడి పాలల్లో కలిపి ఇచ్చెయ్యండి.